బ్రేకు దానంతటదే పడుతుందా? విద్యుత్ కార్లపై మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే మాట చుట్టూ తిరిగాయి: కారు చెప్పేదాన్ని, చేసేదాన్ని ఎంతవరకు నమ్మాలి? ఒక్కొక్కదానికీ విడిగా జవాబిస్తున్నాం. ఎర్తింగ్ గురించి, రాత్రి ప్రయాణాల గురించి కొంచెం ఎక్కువే రాశాం. ప్రాణం మీదికి వచ్చేవి అవే.

ప్రశ్న: అడాస్ (కెమెరా, రాడార్‌లతో డ్రైవరుకు సాయపడే వ్యవస్థ) ఉన్న విద్యుత్ కారు తీసుకున్నాం. పనిమీద తరచూ రాత్రి పొద్దుపోయాక విజయవాడ నుంచి గుంటూరు తిరిగి వస్తుంటాను. ఏదైనా అడ్డొస్తే కారే బ్రేకు వేసుకుంటుందని షోరూంలో చెప్పారు. రోడ్డు పక్కన ఆపి ఉంచిన లారీలకు, మిర్చి బస్తాల ట్రాక్టర్లకు కూడా అలాగే ఆగుతుందా?
— అరండల్‌పేట, గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆగొచ్చు, ఆగకపోనూవచ్చు. ఎప్పుడు ఆగదో తెలిసి ఉండటం మీకు ముఖ్యం.

మీ కారు ముందువైపు సాధారణంగా రెండు పరికరాలు పనిచేస్తుంటాయి. అద్దం వెనక, లోపలి రియర్‌వ్యూ మిర్రర్ దగ్గర ఒక కెమెరా. ముందు బంపర్‌లోనో గ్రిల్ వెనకో ఒక రాడార్. రాడార్ దూరాన్ని, వేగాన్ని బాగా కొలుస్తుంది, కానీ ఎదురుగా ఉన్న వస్తువు ఏమిటో దానికి సరిగ్గా తెలియదు. డివైడర్ రెయిలింగ్, సైన్‌బోర్డు, ఫ్లైఓవర్ దూలం, ఆగి ఉన్న లారీ అన్నీ దానికి కదలని ఇనుమే. వాటన్నిటికీ బ్రేకు వేస్తూ పోతే కారు నిమిషానికోసారి ఆగుతుంది. అందుకే, ఎక్కువ వేగంలో వెళ్తున్నప్పుడు, అంతకుముందు కదులుతూ కనబడని వస్తువులకు తక్కువ విలువ ఇచ్చేలా చాలా వ్యవస్థలను తయారుచేస్తారు. అది నిజంగా బండే అని కెమెరా కూడా గుర్తుపట్టి చెప్పాలి.

కెమెరాకు బండి వెనకభాగం ఎలా ఉంటుందో నేర్పి ఉంటారు: రెండు టెయిల్‌లైట్లు, చక్రాలు, నంబరుప్లేటు. మిర్చి సీజన్‌లో యార్డుకు వెళ్లే ట్రాక్టర్ ట్రక్కును తలుచుకోండి. బస్తాలు వెనక్కి, పక్కలకు పొంగి ఉంటాయి, లైట్లుండవు, రిఫ్లెక్టర్ ఉన్నా గోనె కింద దాగి ఉంటుంది. చీకట్లో కెమెరాకు అది బండిలా కనబడకపోవచ్చు. 2016లో అమెరికాలోని ఫ్లోరిడాలో జరిగిన ప్రమాదం ఈ రంగంలో అందరికీ తెలిసినదే. ఆటోపైలట్‌లో వెళ్తున్న టెస్లా కారు, రోడ్డును అడ్డంగా దాటుతున్న తెల్లటి ట్రైలర్ కిందికి దూసుకుపోయింది. అది పట్టపగలే. వెనక ఆకాశం తెల్లగా వెలిగిపోతుండటంతో తెల్ల ట్రైలర్‌ను ఆ వ్యవస్థ పట్టలేకపోయిందని టెస్లా చెప్పింది. డ్రైవరు కూడా బ్రేకు తొక్కలేదు.

ఇనుప చువ్వలు వేసుకుపోయే లారీలు మరీ ప్రమాదం. కారు దూరం కొలిచేది లారీ బాడీ దాకా. చువ్వల కొసలు దానికంటే ఒకటి రెండు మీటర్లు వెనక్కి, సరిగ్గా మీ అద్దం ఎత్తులో ఉంటాయి. అలాంటి లారీ వెనక క్రూయిజ్ (ముందు బండిని బట్టి వేగాన్ని కారే సర్దుకునే ఏర్పాటు) ఆపేసి, బాగా ఎడం ఇచ్చి వెళ్లండి. లేదా దాటేయండి.

ఇక లెక్క చూడండి. 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. మీరు చూసి కాలు బ్రేకు మీదికి తెచ్చేసరికి సెకనున్నర, అంటే 42 మీటర్లు. పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే ఆగడానికి ఇంకో 48 మీటర్లు. మొత్తం 90. లోబీమ్ లైటు వెలుగు ఉపయోగపడేది సుమారు 50, 60 మీటర్ల దాకానే. 80లో వెళ్తే మొత్తం 64 మీటర్లు పడుతుంది, 60లో 42. రాత్రి ఎదురు బండి లేనప్పుడు హైబీమ్ వాడమని, ఉన్నప్పుడు వేగం తగ్గించమని ఇంతగా చెప్పేది అందుకే. అడాస్ ఉన్నా ఈ లెక్క మారదు.

క్రూయిజ్‌లో ముందు బండితో ఎడం ఎంత ఉండాలో మీటలతో పెట్టుకోవచ్చు. రాత్రి అన్నిటికంటే పెద్ద ఎడం పెట్టండి. లారీలు ఆపేది ఎడమ పక్కనే కాబట్టి, చీకటి భాగాల్లో ఎడమ చివరి లేన్‌లో వేగంగా వెళ్లకండి. కాజ టోల్‌గేటు దగ్గర వరుసలో నిలబడిన బండ్లు కనబడగానే, కారు చూసుకుంటుందని ఎదురుచూడకుండా మీరే బ్రేకు తొక్కండి. బ్రేకు తాకగానే క్రూయిజ్ ఆగిపోతుంది. అది మంచిదే.

ప్రశ్న: కారు కొన్న రోజే దుర్గగుడి దగ్గర వాహనపూజ చేయించాం. ఇంటికి వస్తుంటే స్క్రీన్ మీద ‘ముందు కెమెరా పనిచేయడం లేదు’ అని వచ్చింది. కొత్త కారుకే ఇలాగైతే ఎలా?
— పటమట, విజయవాడ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కారులో లోపం ఉండకపోవచ్చు. ముందు బయటినుంచి అద్దం చూడండి. పసుపు, కుంకుమ, గంధం బొట్లు అద్దం పైభాగంలో మధ్యలో పెట్టించి ఉంటారు. కెమెరా చూసేది సరిగ్గా అక్కడినుంచే. తడి మైక్రోఫైబర్ గుడ్డతో మెల్లగా తుడవండి. పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. బొట్టు బానెట్ మీదో, అద్దం కింది అంచునో పెట్టించుకోండి. పూజకు ఏ లోటూ ఉండదు.

గ్రిల్‌కు కట్టిన పూలదండ, నిమ్మకాయ మిరపకాయల దారం రాడార్ మూతకు అడ్డం పడుతున్నాయేమో కూడా చూడండి. ఆ మూత నున్నటి నల్ల పలకలా ఉంటుంది. కొన్ని కార్లలో కంపెనీ గుర్తు వెనకే ఉంటుంది. పూజ అయ్యాక దండ తీసేసి వెనక వైపుకో లోపలికో మార్చండి. వానాకాలంలో చేలదారిన వెళ్లొస్తే అదే పలక మీద బురద పేరుకుంటుంది, అప్పుడూ ఇదే సందేశం వస్తుంది.

మరో తరచు పొరపాటు ఫాస్టాగ్. అద్దం వెనక మధ్యలో అంటించమంటారు కదా అని తెచ్చి కెమెరా ముందే అంటిస్తారు. కెమెరా పెట్టె ముందుండే గాజు భాగాన్ని పూర్తిగా వదిలేసి, దానికి పక్కగానో కిందుగానో అంటించండి. కొన్ని అద్దాల్లో టాగ్ పనిచేయడానికి ప్రత్యేక చోటు ఉంటుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఆ బొమ్మ ఉంటుంది, చూసి అంటించండి.

ప్రశ్న: మాది నల్లరేగడి నేల. చలికాలమంతా ఇంట్లో చార్జింగ్ బాగానే అయింది. ఎండలు ముదిరాక చార్జర్ ఎర్రలైటు చూపించి ఆగిపోతోంది, ఎర్త్ లేదంటోంది. సాకెట్లో న్యూట్రల్‌కు, ఎర్త్‌కు లూప్ కొడితే సరిపోతుందని ఎలక్ట్రీషియన్ అంటున్నారు. చేయించమంటారా?
— బ్రాడీపేట, గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: చేయించవద్దు. ఇప్పటికే చేసి ఉంటే ఈ రోజే తీయించండి. లూప్ కొడితే లైటు పచ్చగా మారుతుంది, నిజమే. కానీ ఆ తర్వాత ఎప్పుడైనా మీ ఇంటికి వచ్చే న్యూట్రల్ తెగినా, వదులైనా, 230 వోల్టులు నేరుగా కారు బాడీ మీదికి వస్తాయి. చెప్పుల్లేకుండా వచ్చి డోరు పట్టుకున్న మనిషి పరిస్థితి ఊహించండి. చార్జర్ అబద్ధం చెప్పడం లేదు. మీ ఇంటి ఎర్త్ బలహీనమైందని ముందుగానే హెచ్చరిస్తోంది.

కారణం మీ ఉత్తరంలోనే ఉంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎర్త్ పైపు చుట్టూ మట్టి విడిపోయి ఖాళీ ఏర్పడుతుంది. పైపుకు, మట్టికి మధ్య ఆ ఖాళీ ఉంటే కరెంటు దిగే దారి ఉండదు. పాత ఇళ్లలో బొగ్గు, ఉప్పు పోసి చేసిన గోతులైతే, కొన్నేళ్లకు ఉప్పు కరిగి పోతుంది. పైగా అదే ఉప్పు ఇనుప పైపును తినేస్తుంది.

ముందు పరీక్ష చేయించండి. ఎలక్ట్రీషియన్ దగ్గరుండే మల్టీమీటర్‌తో చార్జింగ్ సాకెట్లో ఫేజ్–న్యూట్రల్, ఫేజ్–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్ మూడూ చూడాలి. మొదటి రెండూ దాదాపు సమానంగా ఉండాలి. మూడోది రెండు మూడు వోల్టుల లోపు ఉంటే మంచిది. ఐదు దాటితే చాలా చార్జర్లు ఒప్పుకోవు. మల్టీమీటర్ ఇంతవరకే చెబుతుంది. గొయ్యి ఎంత బాగుందో చెప్పేది ఎర్త్ టెస్టర్ అనే వేరే పరికరం. దాని మీద 5 ఓములకు తక్కువ చూపించాలి.

తాత్కాలికంగా గోతిలో రోజూ సాయంత్రం రెండు బిందెల నీళ్లు పోసి చూడండి. లైటు మారితే తప్పు గోతిదే అని తేలిపోతుంది. శాశ్వతంగా అయితే కారు నిలిపే చోటికి దగ్గర్లో విడి గొయ్యి తీయించండి. రెండున్నర నుంచి మూడు మీటర్ల పొడవున్న గాల్వనైజ్డ్ పైపో, రాగిపూత రాడ్డో దింపి, చుట్టూ ఉప్పు బదులు బెంటోనైట్ అనే బంకమట్టి పొడి నింపించండి. అది తడిని పట్టి ఉంచుతుంది, ఎండలోనూ పైపును వదలదు. పైన గరాటు, మూత పెట్టిస్తే ఎండాకాలం వారానికి రెండుసార్లు నీళ్లు పోయడం తేలిక. ఒక్క గోతితో 5 ఓములు రాకపోతే మూడు మీటర్ల దూరంలో రెండోది తీసి రెండిటినీ కలపాలి.

గొయ్యి తవ్వేటప్పుడే వైరింగ్ కూడా చూసుకోండి. 7.2 కిలోవాట్ల చార్జర్ 32 ఆంపియర్లు లాగుతుంది, అదీ గంటల తరబడి. దానికి మీటర్ బోర్డు నుంచి విడిగా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దూరం 20 మీటర్లు దాటితే 10 చదరపు మిల్లీమీటర్లది వేయించండి. లోడు మించితే కరెంటు ఆపే 40 ఆంపియర్ల ఎం.సి.బి. ఒకటి, కరెంటు లీకైతే ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఒకటి కావాలి. ఆర్.సి.సి.బి. మీద ‘టైప్ ఎ’ అని ఉందో లేదో మీరే చదవండి. దుకాణాల్లో మామూలుగా ఇచ్చే ‘టైప్ ఏసీ’ రకం, కారు చార్జర్ నుంచి వచ్చే లీకేజీని పట్టకపోవచ్చు. నెల వాడాక బోర్డులో స్క్రూలన్నీ ఇంకోసారి బిగించమనండి. రోజూ వేడెక్కి చల్లారడంతో అవి వదులవుతాయి. బోర్డు కాలే చోటు చాలాసార్లు అదే.

15 ఆంపియర్ల సాకెట్‌తోనే సరిపెట్టుకునేవాళ్లు చార్జింగ్ మొదలైన గంటకు ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, పిన్ను చుట్టూ గోధుమరంగు కనబడినా వెంటనే ఆపి, ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలు వాడకండి.

ఇంటికి మంజూరైన లోడు కూడా సరిచూసుకోండి. చార్జర్ 7.2 కిలోవాట్లు, దానికి తోడు రాత్రి రెండు ఏసీలు నడిస్తే 10 దాటిపోతుంది. విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో లోడు పెంచమని దరఖాస్తు చేయండి, త్రీఫేజ్ గురించి కూడా అక్కడే అడగండి.

ప్రశ్న: నా కారును వారానికోసారి 100 శాతం చార్జ్ చేయమంటున్నారు. మా బావగారి కారును రోజూ 80 దాటనివ్వద్దంటున్నారు. ఏది నిజం?
— తెనాలి

జవాబు: రెండూ నిజమే, బ్యాటరీలు వేరు. బి.వై.డి. అట్టో 3 లాంటి కార్లలో ఉండేది ఎల్.ఎఫ్.పి. (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం. దీని వోల్టేజి 20 నుంచి 90 శాతం దాకా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి, వోల్టేజిని చూసి ఎంత మిగిలిందో లెక్కకట్టడం కారుకు కష్టం. అప్పుడప్పుడు పూర్తిగా నింపితే లెక్క సరిచేసుకుంటుంది. లేదంటే 15 శాతం ఉందని చూపిస్తూనే గభాలున పడిపోవచ్చు. హ్యుందాయ్ అయోనిక్ 5 లాంటి వాటిలో ఉండేది నికెల్ రకం. అది నిండుగా, వేడిలో, ఎక్కువసేపు ఉంటే త్వరగా అరుగుతుంది. ప్రయాణం ఉన్న రోజే నింపండి. మన ఎండల్లో ఏ రకానికైనా తెల్లవారుజామున చార్జింగ్ పూర్తయ్యేలా టైమర్ పెట్టుకోవడం మంచిది.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా పాత పెట్రోలు కారు మునిగిపోయింది. ఇప్పుడు విద్యుత్ కారు కొందామంటే ఇంట్లో భయపడుతున్నారు. బ్యాటరీకి ఐపీ 67 ఉంది, నీళ్లు ఏమీ చేయవని సేల్స్ అతను అంటున్నాడు.
— అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: ఐపీ 67 అంటే కొత్త బ్యాటరీ పెట్టెను ఒక మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచితే లోపలికి నీరు రాలేదని అర్థం. అంతే. బుడమేరు నీళ్లు మీ కాలనీల్లో రోజుల తరబడి నిలిచాయి, అదీ బురద, మురుగు కలిసి. స్పీడ్‌బ్రేకర్‌కు అడుగు తగిలి దెబ్బతిన్న పెట్టెకు, ఏళ్లు గడిచిన సీలుకు ఆ పరీక్ష వర్తించదు. వాన పడుతుంటే నడపడానికి, రోడ్డు మీద నిలిచిన కాసిని నీళ్లు దాటడానికి భయం అక్కర్లేదు. వరద హెచ్చరిక వస్తే మాత్రం ముందే ఎత్తయిన చోటికి చేర్చండి.

అయినా మునిగిపోతే, నీళ్లు తీశాక స్టార్ట్ చేసి చూడకండి, చార్జింగ్ పెట్టకండి. నారింజ రంగు కేబుళ్లను ముట్టుకోకండి. ఫోటోలు తీసి ఇన్సూరెన్స్ కంపెనీకి, సర్వీస్ సెంటర్‌కు చెప్పండి. చక్రాలు నేలమీద దొర్లిస్తూ లాగించకూడదు. చక్రం తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది. నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ మీదే తీసుకెళ్లాలి. అప్పటిదాకా ఇంటికి, ఇతర బండ్లకు 15 మీటర్ల దూరంలో ఆరుబయట ఉంచండి. నీరు చేరిన బ్యాటరీ వెంటనే కాకుండా రోజులు, వారాలు గడిచాక కూడా అంటుకోవచ్చు. ఉప్పునీరైతే ముప్పు ఇంకా ఎక్కువ, బాపట్ల, మచిలీపట్నం వైపు పాఠకులు ఇది గుర్తుంచుకోవాలి. పాలసీ తీసుకునేటప్పుడు బ్యాటరీకి నీటి నష్టం కవరవుతుందా, దానికి విడి యాడ్-ఆన్ కావాలా అన్నది కాగితం మీద చూపించమని అడగండి.

ప్రశ్న: మా మామగారికి 70 దాటాయి, ఇంకా తనే నడుపుతారు. లెవెల్ 2 అడాస్ ఉన్న కారైతే మాకు ధైర్యంగా ఉంటుందని మా వారి ఆలోచన. నిజంగా ఉపయోగపడుతుందా?
— మంగళగిరి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కొంత ఉపయోగపడుతుంది, మీరు అనుకుంటున్నంత కాదు. లెవెల్ 2లో స్టీరింగునూ వేగాన్నీ కారు సర్దుతుంది కానీ రోడ్డు మీద కళ్లు పెట్టాల్సింది డ్రైవరే, ప్రమాదం జరిగితే బాధ్యతా డ్రైవరుదే. చూపు మందగించినా, తల తిప్పడం కష్టమైనా ఆ లోటును ఇది తీర్చదు. ముందు కంటి పరీక్ష చేయించండి.

కారు తీసుకుంటే ఆయన పక్కన కూర్చుని సెట్టింగులు ఇలా పెట్టండి. ముందు బండిని ఢీకొట్టే ప్రమాదముందని హెచ్చరించేది, అత్యవసర బ్రేకు, పక్క బండ్లను చూపే బ్లైండ్‌స్పాట్, రివర్స్ హెచ్చరిక ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. కారును గీతల మధ్యే ఉంచే లేన్ కీప్ అసిస్ట్‌ను ఊళ్లో ఆఫ్ చేయండి. మన రోడ్లమీద ఆటోను తప్పించడానికి ఇండికేటర్ వేయకుండా పక్కకు తిప్పుతాం. అప్పుడు స్టీరింగు ఎదురు లాగుతుంది. తెలియని మనిషి ఆ క్షణంలో కంగారుపడతారు. క్రూయిజ్ కూడా బెంజి సర్కిల్, బందరు రోడ్డు లాంటి చోట్ల వద్దు. ముందు వదిలిన ఎడంలోకి బైకు దూరుతుంది, కారు ఉన్నట్టుండి బ్రేకు వేస్తుంది, వెనకనున్నవాడు వచ్చి గుద్దుతాడు.

అట్టపెట్టె అడ్డం పెట్టి బ్రేకు పడుతుందా అని పరీక్షించకండి. అది వెతికేది బండి ఆకారాన్ని, మనిషి ఆకారాన్ని. పెట్టెకు ఆగకపోతే చెడిపోయిందనీ కాదు, ఆగితే అన్నిటికీ ఆగుతుందనీ కాదు.

ప్రశ్న: 45 యూనిట్ల బ్యాటరీ. విజయవాడ నుంచి హైదరాబాద్ ఒక్క చార్జింగ్‌తో వెళ్లొచ్చా?
— భవానీపురం

జవాబు: దూరం దాదాపు 275 కిలోమీటర్లు. ఈ తరహా కారు 80 వేగంలో కిలోమీటరుకు 130, 140 వాట్ అవర్లు, 100లో 170, 180 తీసుకుంటుంది. అంటే 80లో 320 దాకా వస్తుంది, 100లో 250 దగ్గరే అయిపోతుంది. వేగం పెరిగేకొద్దీ ఎదురుగాలి అడ్డంకి దాని వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది (వేగం రెట్టింపైతే నాలుగింతలు), తేడా అక్కడే. లాగించాలని చూడకుండా సూర్యాపేట దగ్గర ఆగండి. అప్పటికి సగానికి కాస్త అటూఇటూ మిగిలి ఉంటుంది, భోజనం చేసేలోపు 80 శాతానికి చేరుతుంది. 80 శాతం తర్వాత ఫాస్ట్ చార్జింగ్ బాగా మందగిస్తుంది కాబట్టి నిండేదాకా కూర్చోనక్కర్లేదు. చార్జర్ పనిచేయకపోతే ఇంకోదానికి వెళ్లేలా కనీసం 40 కిలోమీటర్లకు సరిపడా మిగిల్చుకుని ఆగండి.

ప్రశ్న: రాయి తగిలి ముందు అద్దం పగిలింది. బయట షాపులో సగం ధరకే వేస్తామంటున్నారు.
— గొల్లపూడి

జవాబు: కెమెరా ఉన్న కారుకు వద్దు. కెమెరా కూర్చునే బ్రాకెట్ అద్దానికే అంటుకుని ఉంటుంది. అది ఒక డిగ్రీ పక్కకు తిరిగినా 50 మీటర్ల దూరంలో దాదాపు 90 సెంటీమీటర్ల తేడా వస్తుంది, అంటే పక్క లేన్‌లోని బైకును మీ ముందున్నట్టు లెక్కేయొచ్చు. కంపెనీ అద్దమే వేయించి, తర్వాత కెమెరా క్యాలిబ్రేషన్ (చూపును సరిచేయడం) చేసినట్టు బిల్లులో రాయించుకోండి. ముందుగా వీల్ అలైన్‌మెంట్, టైర్లలో గాలి సరిచూడాలి. చదునైన నేలమీద, గుర్తుల బోర్డు ఎదురుగా పెట్టి చేస్తారు. కొన్ని కార్లకు గీతలు స్పష్టంగా ఉన్న రోడ్డు మీద నడిపి కూడా చేయాలి. బంపర్‌కు లప్పం పెట్టి రంగు వేయించినప్పుడూ ఇదే జాగ్రత్త. రాడార్ ముందు లప్పం, మందపాటి రంగు ఉంటే అది సరిగ్గా చూడలేదు.

ప్రశ్న: చెయ్యి తీస్తే కారు అరుస్తోందని స్టీరింగుకు నీళ్ల సీసా కడుతున్నారు మావాళ్లు.
— తాడేపల్లి

జవాబు: తీయించండి. ఆ అరుపు డ్రైవరు మెలకువగా ఉన్నాడో లేదో తెలుసుకోవడానికి కారుకున్న ప్రధాన మార్గం. సీసా బరువును అది చెయ్యి అనుకుంటుంది. నిద్రపోయిన మనిషిని కూడా మెలకువగా ఉన్నట్టే లెక్కేసి, 100లో ముందుకు పోతూనే ఉంటుంది.